మైదానంలో హాజరు

మంగళవారం ఉదయం పదకొండున్నరకు వెదర్‌క్లఫ్ స్కూల్లో ఫైర్ అలారం మోగింది.

మూడో పీరియడ్ అప్పుడే మొదలైంది. పిల్లలు బ్యాగులు బల్లల మీదే వదిలేసి, కోట్లు లేకుండా, వరసల్లో మైదానంలోకి వచ్చారు. తుంపర పడుతోంది. వంట క్లాసులో మళ్లీ ఎవరో టోస్ట్ మాడ్చారని కొందరు, బాత్‌రూంలో పెద్ద క్లాసులవాళ్లు వేప్, అదే ఈ-సిగరెట్, పీల్చారని కొందరు పందేలు వేసుకున్నారు. ఆ స్కూల్లో అలారం మోగితే ఈ రెంటిలో ఒకటి కారణం. కాకపోతే ఫైర్ డ్రిల్, ఉత్తుత్తి రిహార్సల్.

హాజరు తీసుకునే పద్ధతి మాత్రం అక్కడ వేరు. ఆ స్కూలు ఇంకా మగపిల్లల హైస్కూలుగా ఉన్న రోజుల్లో, 1957లో, వడ్రంగం నేర్పే గది తగలబడింది. మాస్టారు మైదానంలో పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. ఒక కుర్రాడి పేరుకు వాడి స్నేహితుడు పలికాడు. తన దోస్తు గోడవతల సిగరెట్ తాగుతున్నాడనుకుని అలా పలికాడు. ఆ కుర్రాణ్ణి మర్నాడు బూడిదలోంచి తీశారు. అప్పటినుంచి వెదర్‌క్లఫ్‌లో పేరు పిలిచి ఊరుకోరు. టీచరు ఒక్కొక్కరి ముందూ ఆగి, మొహం చూసి టిక్కు పెట్టాలి.

ఎనిమిదో తరగతి టీచరు మిస్ హెస్కెత్ పోయిన టర్ములో అలా చేయలేదు. గొంతు విని టిక్కు పెట్టింది. ఆ పేరుగల పిల్లవాడు అప్పుడు చిప్స్ కొట్లో ఉన్నాడు. హెడ్మాస్టరు పింబ్లెట్ ఆమెకు హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ఇంకోసారి జరిగితే వేరే ఉద్యోగం చూసుకోవాల్సి వస్తుందన్నాడు.

ఈసారి ఆమె వరస చివరిదాకా నడిచింది. వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. తన పిల్లల్లో ఒకరు తక్కువ.

కీరన్ బూత్ ఎక్కడని అడిగింది. బడి వదిలాక శిక్షగా కూర్చోబెట్టే డిటెన్షన్‌లో కీరన్ కూర్చోని వారం ఉండదు. వాడి కోసం అబద్ధమాడటం ఆ క్లాసుకు అలవాటే.

“పొద్దున్నుంచీ రాలేదు మిస్,” అన్నాడు వాడి పక్కన కూర్చునే కుర్రాడు.

“అబద్ధం,” అంది జైనబ్. “ఇందాక లెక్కల క్లాసులో నా వెనకే ఉన్నాడు. నా రబ్బరింకా వాడి దగ్గరే ఉంది. ఆఫీసుకి రమ్మన్నారని లేచెళ్లాడు. ఈసారేం విరగ్గొట్టాడోనని నవ్వుకున్నాం. మళ్లీ రాలేదు.”

మిస్ హెస్కెత్ హెడ్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన మైదానం గట్టున నిలబడి ఉన్నాడు. ఆయనకూ కోటు లేదు. మిగతా క్లాసుల హాజరు అప్పటికే చేరింది. ఆఫీసువాళ్లు తీసుకొస్తున్న ఒక జ్వరం పిల్ల తప్ప అంతా ఉన్నారు.

ఆమె కీరన్ లోపల ఉండిపోయాడని చెప్పింది. పింబ్లెట్ గడియారం చూసుకున్నాడు. ఖాయమేనా అని అడిగాడు. మొహాలు రెండుసార్లు చూశానంది. అని, స్కూలు వైపు తిరిగింది.

ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. లోపలికి ఎవరూ వెళ్లకూడదన్నాడు. ఆ రూలు పిల్లలకి అంది ఆమె. అందరికీ అన్నాడు ఆయన. చెయ్యి వదల్లేదు.

“ఫైరింజన్ వచ్చేసరికి వాడు...”

“ఫైరింజన్ రాదు,” అన్నాడు పింబ్లెట్.

దగ్గర్లో ఉన్న పిల్లలు మాటలు ఆపారు. అలారం మోగుతూనే ఉంది.

పింబ్లెట్ ఆమెను నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

“వాణ్ణి దాచింది నేనే.”

ఆమెకు అర్థం కాలేదు. ఆయన వివరించాడు. ఏటా ఒక డ్రిల్లులో ఒక పిల్లవాణ్ణి దాస్తాడు. టీచర్లు కనిపెడతారో లేదో చూస్తాడు. కిందటేడు ఒకమ్మాయిని దాస్తే ఎవరూ కనిపెట్టలేదు. ఈసారి కావాలనే ఆమె క్లాసు ఎంచుకున్నాడు. ఇవాళ మా స్కూల్లో అలారం మోగినా బండి పంపొద్దని పొద్దున్నే ఫైర్ స్టేషనుకు చెప్పాడు. అలారం బటన్ నొక్కే పని ఆఫీసుకు అప్పగించాడు. ఎప్పుడు నొక్కేదీ తనకు కూడా చెప్పొద్దన్నాడు.

“అందుకే కోటు కూడా లేకుండా వచ్చిపడ్డాను, చూడండి.”

“వాడెక్కడున్నాడు?”

“హాల్లో, స్టేజీ కింద. కుర్చీలు పెట్టే గదిలో. అలారం ఎంతసేపు మోగినా, ఎవరు కేకలేసినా, నేనొచ్చి తలుపు తట్టేదాకా కదలొద్దన్నాను. వాణ్ణి నమ్మి ఎవరైనా ఓ పని చెప్పడం ఇదే మొదటిసారనుకుంటా. మొహం ఎంతయిందో చూడాల్సింది.”

“వాడా? వాడు కుదురుగా కూర్చుంటాడా?”

“కూర్చుంటాడు. ప్రమాణం చేశాడు.”

మిస్ హెస్కెత్ గట్టు మీద కూర్చుండిపోయింది. తనకు ముందే ఒక్క మాట చెప్పాల్సిందని అంది. చెబితే అది పరీక్ష ఎలా అవుతుందని పింబ్లెట్ అన్నాడు. పాత హెచ్చరిక కాగితం ఇవాళే చించేస్తానన్నాడు. చెయ్యి చాచాడు. ఆమె తడి చేత్తోనే ఆ చెయ్యి అందుకుని లేచింది. నవ్వింది కూడా. వాడికి ఈ వారం డిటెన్షన్ మాఫీ చేయమని అడిగింది. సరేనన్నాడు.

అందరికంటే ఆఖర్న ఆఫీసు గుమస్తా మిసెస్ కెర్షా బయటికి వచ్చింది. ఆ జ్వరం పిల్లను పట్టుకుని నడిపిస్తోంది. గట్టు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, హెడ్ వైపు చూసింది.

“సారీ సర్, ఈ పిల్ల గొడవలో పడి మీరు చెప్పిన అలారం బటన్ నేనింకా నొక్కనేలేదు.”