స్టోరేజ్ నిండింది

రాత్రి పన్నెండింటికి గౌలిపురలోని మా ఫొటో స్టూడియోలో ఒక్కదాన్నే పని చేస్తుంటే, క్లౌడ్‌లో నేనున్న ఫొటోలు ఒక్కొక్కటే మాయమవసాగాయి. నావి మాత్రమే. పాస్‌వర్డ్ తెలిసిన ఇంకో మనిషి మా ఆయన నిఖిలేషే. జల్‌పల్లి ఇంట్లో ఉన్నాడు. ఫోన్ చేశాను.

“స్టోరేజ్ నిండింది ప్రియా. జర ఖాళీ చేస్తున్న,” అన్నాడు తాపీగా.

“నా ఫొటోలే దొరికినయా నీకు?”

మౌస్ నొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

బ్యాకప్ ఉందిలే అనుకుని బీరువాలోంచి హార్డ్‌డిస్క్ తీసి తగిలించాను. ఏడాదిగా తాళంలోనే ఉన్న డిస్క్. అందులోనూ నాది ఒక్కటే మిగిలింది, మా పెళ్లి ఫొటో.

“నిఖిల్, అదొక్కటన్న ఉంచు.”

టిక్‌మంది. డిస్క్‌లో అదీ పోయింది.

“హలో,” అన్నాడు ఎంతో మర్యాదగా. “ఎవరు మాట్లాడుతున్నరండి?”