క్యూబ్‌కి ఇంకో వైపు

“మీ కుట్టు విభాగం నష్టాల్లో ఉంది, మూసేస్తున్నారు,” అంటూ మా ఆయన లాప్‌టాప్ నా ముందు పెట్టారు. మేమిద్దరం పనిచేసే బట్టల కంపెనీ లెక్కలన్నీ ఆయన కంప్యూటర్లో తయారుచేసిన క్యూబ్ అనే పట్టికలోనే ఉంటాయి. నెలవారీగా, షాపులవారీగా, సరుకులవారీగా ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు.

నాతోపాటు పన్నెండుమంది ఆడవాళ్ల పని పోతుంది. నాకు ఒళ్లు మండింది.

“మేం కుట్టినవి అమ్మేది షాపుల్లో కదండీ? ఖర్చు మాకూ, అమ్మకం వాళ్లకీ రాస్తే నష్టం రాదా? ఎవరు కుట్టారో ఆ వైపు తిప్పండి.”

“ఐదో క్లాసుతో ఆపేసినదానివి, నాకు పాఠం చెప్తావా?”

“తిప్పండి.”

ఆయన తల దించుకున్నారు. “మొన్ననే తిప్పి చూశానే. లాభంలో మీరే ముందున్నారు. ఆ వైపు ఎవరికీ చూపించొద్దన్నాడు మేనేజరు.”

“నువ్వు మనిషివేనా?” అన్నాను.

పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.