అరచేతి పొడి

లింగమ్మ జెల్లీ ముట్టి పదకొండు రోజులయింది. నడుము నొప్పికి ఆమె తినే ఆ గంజాయి జెల్లీ నది ఇవతల టీకొట్లో కూడా దొరుకుతుంది. అవతలి రాష్ట్రంలో దాని జాడ ఒంట్లో కనిపించినా కేసే. ఆ జాడ పోవడానికి పదకొండు రోజులు పడుతుంది, అందాకా వంతెన గేటు దాటనివ్వరు. ఈ చట్టాలు రాసిన పెద్దలెవరికీ నడుము నరాలు పీకి ఉండవు. ఆమె మాత్రం పొయ్యిగట్టు పట్టుకుని వంట చేసింది, గోడకు ఆనుకుని కునుకు తీసింది. తనను పెంచిన అక్క అవతలి ఒడ్డు ఆసుపత్రిలో రేపో మాపో అన్నట్టుంది.

డ్యూటీ దిగిన భర్త ఉసేనప్ప అట్నుంచటే వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని వంతెన మీది గేటు దాకా నడిపించాడు.

"మెల్లగా రామ్మే. అక్క యాడికీ పోదు."

"నువ్వు జెప్తే ఆగుతాదా?" అని నవ్వి, లింగమ్మ గేటు దగ్గర జాడ పట్టే గాజుపలక మీద అరచెయ్యి పెట్టింది.

ఎర్రదీపం వెలిగింది.

"తిన్యావా పెద్దమ్మా?" అన్నాడు గార్డు.

"మా అక్క మీద ఒట్టు నాయనా, తినలేదు."

గార్డు ఉసేనప్ప నీలం చొక్కా వైపు చూశాడు. "నువ్వు యాడ పనిజేస్తావన్నా?"

"జెల్లీ ఫ్యాక్టరీలో, ప్యాకింగు. ఒక్కటీ నోట్లో ఏసుకున్నోణ్ణి కాదు."

"నీ చేతికున్న జెల్లీ పొడి ఆమెకంటింది."

"కడుక్కొని మళ్లా పెడతాదిలే."

"ఎర్ర పడితే మళ్లా పదకొండు రోజులకేనన్నా."

లింగమ్మ వెనక్కి తిరిగి, వంతెన పిట్టగోడ పట్టుకుని ఒక్కతే నడవసాగింది. సగం దూరంలో తూలింది. ఉసేనప్ప చెయ్యి చాపాడు. పట్టుకోవాలో వద్దో తెలియక అలాగే నిలబడిపోయాడు.