అంటని స్టీలు

"ఛీ! గిది స్టీలేనా అన్నా? మాగ్నెట్ ఎట్ల పట్టిందో సూడు!"

హైమావతి డబ్బాను కౌంటర్ మీద ధన్‌మని పడేసింది. ఫ్రిజ్ తలుపు నుంచి పీక్కొచ్చిన మామిడిపండు బొమ్మ దాని మూలకు అతుక్కుని వేలాడుతోంది.

"అసలు సరుకక్కా. నాచారంల నాగేందరన్న డబ్బాల ప్రెస్సుల దగ్గరుండి కొట్టించిన," అన్నాడు దయాకర్.

"ఏం అసలో! ఎదురు దుకాణపోళ్లది జర కూడ అంటలే. గృహప్రవేశంల నూరుమందికి పంచాలె. గిసుంటి రేకు డబ్బాలిస్తే నా మొఖాన ఊంచుతరు."

బొమ్మను ఊడబీకి పర్సులో వేసుకుని, ఉప్పల్ మెయిన్‌రోడ్డు దాటి అవతలి దుకాణంలోకి వెళ్లిపోయింది.

"ఈ వారంల నాలుగో గిరాకి సార్. గిట్లనే పోతే దసరాకు షెట్టర్ గుంజుడే," అన్నాడు దయాకర్, పక్కనే టిఫిన్ క్యారియర్ చూస్తున్న పాండురంగతో.

పాండురంగ లోహాల పరిశోధనశాలలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు నిజంగానే రోత పుట్టింది. ఫ్రిజ్ మీది బొమ్మలు కూడా సైంటిస్టులైపోయాయి ఈ ఊళ్లో! బంగారంలాంటి సరుకును తన్నేసి చెత్తను నెత్తిన పెట్టుకుంటున్నారు.

"ఇలా చూడవయ్యా," అంటూ ఆయన గల్లాపెట్టె మీదున్న మాగ్నెట్ తీశాడు. డబ్బా అడుగున పెడితే జారిపోయింది. మూలన పెడితే పట్టుకుంది.

"స్టీలు ఒకటే. ప్రెస్సులో మూలల దగ్గర బాగా సాగింది. సాగినచోట లోపల పరమాణువుల వరుస మారిపోయింది, అందుకే అంటుకుంటోంది. నీ సరుకులో ఏ దోషమూ లేదు."

"మరి ఎదురుంగ వాళ్లది?"

"నికెల్ ఖరీదని తగ్గించి మాంగనీసు పోసిన రకం. ఎంత సాగదీసినా అందులో ఆ వరుస చెదరదు, మాగ్నెట్ అంటుకోదు. కానీ ఉప్పూ చింతపండూ తగిలితే మచ్చలు, ఆ తర్వాత తుప్పు. థూ! తిండి పెట్టుకునే గిన్నెలయ్యా అవి!"

దయాకర్ పెన్ను తీశాడు.

"జర మెల్లగ చెప్పుండ్రి సార్. ఎన్ని రోజులకు పడ్తది తుప్పు?"

"ఆర్నెల్లో, ఏడాదో. వాడకాన్ని బట్టి."

"కొనేటప్పుడు సూస్తే ఎవరన్న గుర్తుపడ్తరా?"

"ఎవడు గుర్తుపడతాడు? ల్యాబ్‌కు పంపాలి."

"ఆ రకం స్టీలు నంబరేంది సార్?"

పాండురంగ చెప్పాడు. దయాకర్ రాసుకుని, తప్పు పోకుండా రెండుసార్లు చదివి వినిపించాడు. పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంత బజారులో నేర్చుకుందామనే మనిషి ఒక్కడైనా దొరికాడు.

"ఇదంతా బోర్డు మీద రాయించు. ఆదివారం నేనే వచ్చి జనానికి చూపిస్తా. ఆ దొంగవెధవల ఆట కట్టించాలి."

"మీ దయ సార్," అంటూ దయాకర్ చేతులు జోడించాడు. ఆయన షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్ వైపు వెళ్లేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత నాచారానికి ఫోన్ కలిపాడు.

"నాగేందరన్నా, రేపటి సంది మాంగనీసు డబ్బాలే కొట్టు."