పన్నెండో నంబరు తలుపు

పన్నెండో నంబరు ఇంటి తలుపు మీద గులకరాయి ఠపీమని పడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇంకెవరైనా వేస్తారా?" అంటూ గైడు జేబులోంచి మరో గుప్పెడు రాళ్లు తీశాడు.

ఆదివారం ఆదివారం ఊరు చూడ్డానికొచ్చిన వాళ్లను వెంటేసుకుని ఆ వీధి చరిత్ర చెప్పడం అతని పని. ఎక్కడ ఆగాలో, ఏ మాటకు జనం నవ్వుతారో అతనికి కొట్టిన పిండి.

మొదట గాయని ఇల్లు. ఆవిడ సాధన మొదలుపెడితే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవారట.

తర్వాత వీధి మధ్యలో నిలబడి నంబర్ల సంగతి.

"ఉన్నవి పద్దెనిమిది ఇళ్లండీ. ఒకప్పుడు నంబర్లు అటు కొస నుంచి ఉండేవి. మునిసిపాలిటీ వాళ్లకు ఏం తోచిందో, ఇటు కొస నుంచి వేశారు. మొదటిది ఆఖరిదైంది, ఆఖరిది మొదటిదైంది. పోస్టుమాన్ ఒకరి ప్రేమలేఖలు ఇంకొకరికిచ్చి ఎన్ని కాపురాల్లో నిప్పులు పోశాడో."

జనం నవ్వేవారు. మొదటిసారి విన్నట్టు అతనూ నవ్వేవాడు.

ఆ తర్వాత ఏడో నంబరు. గోడకు అతనే చేయించి పెట్టిన ఇత్తడి ఫలకం.

"ఇది అచ్చు మేస్త్రి ఇల్లు. పరాయి పాలకుల మీద దొంగచాటుగా కరపత్రాలు అచ్చేసిన మనిషి. సిపాయిలు ఈ గడప మీంచే ఈడ్చుకుపోయారు. మళ్లీ రాలేదు. ఉన్న ఒక్క కూతురూ ఏమైందో తెలియదు. ఆ తల్లి కనిపిస్తే కాళ్లకు దండం పెడతాను."

అక్కడ కాస్త ఆగి, గొంతు తగ్గించేవాడు.

"నేను పుట్టింది ఈ ఇంట్లోనే."

అది తాతల నాటి ఇల్లు. మేస్త్రి పోయాక తాత కొనుక్కుని ఉంటాడని అతని ఊహ. తాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు, ఇతనూ అడగలేదు. ఏడో నంబరు మేస్త్రిది, పన్నెండో నంబరు అతన్ని పట్టించిన ద్రోహిది అని వీధిలో పాతకాలం నుంచీ చెప్పుకునే మాట. అతనికి అది చాలు.

చివర్న పన్నెండో నంబరు. రాళ్ల ఆలోచన అతనిదే. జనానికి అదే బాగా నచ్చేది.

ఆ రోజు రెండో రాయి పడేసరికి తలుపు తెరుచుకుంది. మూడోది ముసలావిడ నుదుటికి తగిలింది.

అందరూ గతుక్కుమన్నారు.

"ద్రోహి కూతురు," అన్నాడు గైడు తాపీగా.

మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. వీధిలో పాతవాళ్లంతా పోగా మిగిలింది ఆవిడొక్కతే. ఎవరితోనూ మాట్లాడదు. అందుకే ఆ పేరు ఆవిడకు స్థిరపడిపోయింది.

ఆవిడ అరచేత్తో నెత్తురు తుడుచుకుంది. వంగి రాళ్లన్నీ ఏరి బక్కెట్లో వేసుకుంది.

"బాబూ, ఒక్కమాట."

"ఏం మామ్మగారూ, మీ నాన్న తరఫున క్షమాపణలా?"

"ఈ రాళ్లు ఆపవా?"

"ఆపను. ద్రోహి ఇంటి మీద రాయి పడాల్సిందే."

"ఆ ఇంట్లో ఏ పాపం ఎరగని పిల్లలుంటేనో?"

"ఉంటే ఉండనీండి. ఆ రక్తమే కదా."

ముసలావిడ వీధి అవతలికి చూసింది. ఏడో నంబరు గడప మీద గైడు కూతుళ్లిద్దరూ గవ్వలాట ఆడుకుంటున్నారు. చాలాసేపు అటే చూసింది.

"అలా అయితే ఇక్కడే వేయించు నాయనా," అని తలుపు మూసుకుంది.

"పొగరు చూశారా?" అన్నాడు గైడు.

చలికాలంలో ఆవిడ పోయింది. పోయిన సంగతి కొన్నాళ్లు ఎవరికీ తెలియలేదు. మధ్యలో ఒక ఆదివారం వచ్చింది. ఆ రోజూ తలుపు మీద రాళ్లు పడ్డాయి, ఆవిడ లోపల ఉండగానే.

ఇల్లు పడగొట్టడానికి కూలీలు వచ్చారు. గాట్లు పడ్డ ఆ తలుపు తనకు కావాలని గైడు పరుగెత్తాడు. జనానికి చూపించడానికి బాగుంటుంది మరి.

వంటగది నేల కింద చిన్న గొయ్యి బయటపడింది. దాన్నిండా సిరా పట్టిన సీసపు అచ్చు అక్షరాలు. తలుపు ఊడదీస్తుంటే ద్వారబంధం మీది రంగు పెచ్చులుగా రాలింది. కింద చెక్కిన అంకె కనిపించింది.

ఏడు.

గైడు నంబర్ల మీద తను వేసే జోకు తనే గుర్తు చేసుకున్నాడు. ఈసారి నవ్వు రాలేదు.

ఇంటికి వెళ్లి మేకుతో తన ద్వారబంధం గీకాడు. ముందు ఒకటి వచ్చింది. పక్కనే రెండు.

తాత ఆ ఊసెందుకు ఎత్తలేదో తెలిసింది. ముసలావిడ తన పిల్లల వైపు ఎందుకంతసేపు చూసిందో కూడా తెలిసింది. గడప మీద కూలబడి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు.

ఏడ్చాక లేచి రంగు డబ్బా తెచ్చి, ఆ అంకెల మీద దట్టంగా పూశాడు.

ఆదివారం జనం వచ్చారు. ఖాళీ స్థలంలో ఆ తలుపు పక్కింటి గోడకు ఆనించి ఉంది.

"ద్రోహి ఇల్లు ఏదండీ?" అని ఒకాయన అడిగాడు.

ఏడో నంబరు గడప మీద పిల్లలిద్దరూ గవ్వలు గలగలలాడించుకుంటున్నారు.

గైడు జేబులోంచి రాళ్లు తీసి అందరికీ పంచాడు. ఒకటి తనూ ఉంచుకుని, అచ్చు మేస్త్రి కూతురి తలుపు మీదికి అందరికంటే ముందు తనే విసిరాడు.