తోకచుక్క కోసం నాలుగో అర్జీ

వీధిదీపం ఒక్క గంట ఆర్పమని పెట్టుకున్న అర్జీ మూడోసారీ తిరిగొచ్చింది.

కవరు చింపడానికి చుక్కలాయన ఏమీ ఆత్రపడలేదు. లోపల ఏముందో తెలిసినట్టే తాపీగా విప్పాడు. "పరిశీలించి తిరస్కరించడమైనది" అన్న పాత పాటే. కింద అదే గజిబిజి సంతకం.

చుక్కలాయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆర్నెల్ల కిందట ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి కొనుక్కుని మేడెక్కిన నాటి నుంచీ ఆయనకు అదే పేరు. మొదటి నెలంతా ఫొటోల్లో చుక్కలు పిండి చల్లినట్టు మసకమసగ్గా వచ్చాయి. చీకట్లో ఫోకస్ సంగతి కెమెరా చూసుకోదనీ, మనిషే ఒక పెద్ద చుక్కను తెరమీద పెద్దది చేసుకుని, అది సూదిమొనంత అయ్యేదాకా లెన్సు తిప్పుకోవాలనీ తెలిసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండో నెలలో స్టాండు గాలికి వణకడం మొదలుపెట్టింది. దాని నడుముకి బంగాళాదుంపల సంచీ వేలాడదీశాక గానీ కుదురుగా నిలబడలేదు. కూరకి దుంపలు కావాలంటే భార్య మేడెక్కి తెచ్చుకునేది.

అన్నీ కుదిరాయి, ఆ దీపం ఒక్కటి తప్ప. స్తంభం సరిగ్గా మేడకి పడమటి వైపునే ఉంది. కెమెరా పది సెకన్లు కన్ను తెరిస్తే చాలు, ఆకాశమంతా నారింజ రంగే.

ఇన్నాళ్లూ ఎలాగో సర్దుకున్నాడు. ఇప్పుడు తోకచుక్క వచ్చిపడింది. పొద్దుగూకాక పడమట గంటసేపు కనబడి దిగిపోతోంది. రోజురోజుకీ కిందికి జారుతోంది. రేపు సాయంత్రం దాటితే మళ్లీ ఎనిమిది వందల ఏళ్లకు గానీ రాదట.

ఆయన ఆరాటం తన కోసం కాదు, వాళ్లమ్మ కోసం. ఆవిడ చిన్నప్పుడు ఇలాంటిదే ఒకటి వస్తే, తెల్లవారుజామున తండ్రి లేపాడు. ఇంకో అయిదు నిమిషాలు పడుకుంటానని అటు తిరిగి ముసుగుతన్నింది. లేచేసరికి బారెడు పొద్దెక్కింది. డెబ్బై ఏళ్లుగా ఆ అయిదు నిమిషాలు తలుచుకుని ఉసూరుమంటూనే ఉంది. ఇప్పుడు చూపు మందగించింది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి ఊరి బయట చీకట్లోకి తీసుకెళ్లడం అయ్యే పని కాదు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే మేడ మాత్రం ఎక్కగలదు. ఫొటో తీసి, తెరమీద పెద్దది చేసి పెడితే తోకతో సహా చూడగలదు.

"ఏమంటాడట మహానుభావుడు?" అంటూ భార్య ఉత్తరం లాక్కుంది.

చుక్కలాయన గొంతు సవరించుకున్నాడు. ఒక్క ఇంటి ముచ్చట కోసం వీధినంతా చీకటి చెయ్యకూడదని రూలుందనీ, ఆఫీసరు మాత్రం ఏం చేస్తాడనీ నసిగాడు.

"ఆయన్ని వెనకేసుకు రాకండి. నాకసలే ఒళ్లు మండిపోతోంది."

మంచం మీది నుంచి అమ్మ అందుకుంది. "ఆ ఆఫీసరుని కన్నతల్లి ఎవరో గానీ, ఇంత మొండిఘటాన్ని ఎలా భరిస్తోందో."

"భరించడం తర్వాత సంగతి అత్తయ్యా. లోపమంతా పెంపకంలోనే ఉంది," అంది కోడలు.

ఎందుకో అమ్మ కోడలి వైపు గుర్రుగా చూసింది. చుక్కలాయన దుంపల సంచీ చంకన పెట్టుకుని పిల్లిలా మెట్ల వైపు జారుకున్నాడు.

రెండు మెట్లు ఎక్కాడో లేదో భార్య కేకేసింది. ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉందట. వీధిలోని అన్ని ఇళ్లవారూ సంతకాలు చేసి కోరిన పక్షంలో గంటసేపు దీపం ఆర్పే విషయం పరిశీలించవచ్చునట.

"ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసి ఏడవచ్చుగా."

రూళ్ల పుస్తకం అంత లావుంటుందనీ, పాపం ఆయనకి మొన్ననే కనబడి ఉంటుందనీ చుక్కలాయన అన్నాడు. భార్య వినిపించుకోలేదు. కొంగు దోపుకుని, కాగితం పట్టుకుని బయల్దేరింది. పద్నాలుగు ఇళ్లలో పదమూడు ఇళ్లవాళ్లు గుమ్మంలోనే సంతకం చేసేశారు. మూలింటి బామ్మ మాత్రం ససేమిరా అంది. దీపం ఆర్పితే దొంగలొస్తారని ఆవిడ భయం. చివరికి అమ్మే ఫోన్ చేసి, ఆ గంటా తనతో పాటు మేడ మీద కూర్చోమని, మెత్తటి కుర్చీ వేయిస్తానని మాటిచ్చింది. మెత్తటి కుర్చీ అనేసరికి బామ్మ మెత్తబడింది.

మర్నాడు చుక్కలాయన అరగంట ముందే వీధిదీపాల ఆఫీసుకి చేరుకున్నాడు. అర్జీ ఎవరిదైనా కౌంటరులోనే ఇవ్వాలి. ముందు తొమ్మిదిమంది ఉన్నారు. అటెండరు ఆయన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగోసారి అదే అర్జీ పట్టుకొస్తే ఎవరికి మాత్రం నవ్వు రాదు. గుమస్తా సంతకాలు లెక్కపెట్టి, ముద్ర కొట్టి, రసీదు చేతికిచ్చాడు. సాయంత్రంలోగా తేలుతుందా అని అడిగితే తల కూడా ఎత్తలేదు.

"అది ఆఫీసరుగారి దయండీ."

అటెండరు ఫైలు తీసుకుని ఆఫీసరు గదిలోకి నడిచాడు. చుక్కలాయన ఉండబట్టలేక వెనకాలే వెళ్లాడు. ఫైలు బల్లమీదికి చేరింది. ఆకాశం నిర్మలంగా ఉంది, సంతకాలు పద్నాలుగూ ఉన్నాయి, ఇక ఈ ఒక్క గదిలో పని జరిగితే చాలు.

చుక్కలాయన బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, తన కుర్చీలో కూర్చుని, "వీధిదీపాల అధికారి" అన్న బిళ్ల జేబుకి తగిలించుకుని, మూలింటి బామ్మ సంతకాన్ని ఒకటికి రెండుసార్లు సరిచూసి, అర్జీ మీద "మంజూరు" అని రాశాడు.