చివరి బెంచీ పిల్ల

ఇది మూడోసారి. ఈసారి కూడా తప్పితే నాకు టీచరు సర్టిఫికెట్ రాదు.

గదిలో నేనొక్కదాన్నే. ఎదురుగా గోడంత తెర మీద కంప్యూటర్ పిల్లలు తొమ్మిదిమంది. వాళ్ళని తయారుచేసిన ప్రొఫెసరు మేడమ్ అద్దం వెనక మార్కుల కాగితంతో కూర్చున్నారు.

"భిన్నాలు మొదలుపెట్టమ్మా. పన్నెండు నిమిషాలు," అన్నారు మైకులో.

ముందు బెంచీ గడుగ్గాయి పెన్సిలు విసిరాడు. "టీచర్, మీకు వణుకొస్తోందా?"

"వస్తోంది. నువ్వు పెన్సిలు తీసుకుంటే కాస్త తగ్గుతుంది."

వాడు నవ్వి తీసుకున్నాడు. మార్కు పడ్డట్టు పచ్చదీపం వెలిగింది. ఇలాగే సాగితే గట్టెక్కుతాను.

కానీ చివరి బెంచీలో రెండు జడల పిల్ల తలొంచుకునే ఉంది. అల్లరి చెయ్యదు, చెయ్యెత్తదు. ఆ పిల్లని అడిగితే మార్కులేం రావని సీనియర్లు ముందే చెప్పారు.

ఉండబట్టలేక అడిగాను. "సగంలో సగం ఎంతమ్మా?"

తెర కదలకుండా ఆగిపోయింది. పచ్చదీపం ఆరిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పాడుచేశానా మేడమ్?"

కాసేపటికి తలుపు తీసుకుని ఆవిడే వచ్చారు.

"ఎవరు పలకరిస్తారో చూద్దామని ఈ పిల్లని పెట్టాను. నాలుగేళ్ళలో ఒక్కరూ పలకరించలేదు. అసలు దానికి జవాబు రాయడం నేనే మరిచిపోయాను."

కాగితం మీద పాస్ అని రాసి, పెన్ను నా చేతికిచ్చారు. "ఏమంటుందో నువ్వు చెప్పు."

పదేళ్ళు నేను కూర్చున్న బెంచీ అది.

"వెంటనే ఏమీ అనదు మేడమ్. రెండోసారి అడుగుతారేమోనని చూస్తుంది."